కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బింది.. నొప్పి లేకపోయినా ఆపరేషన్ కావాలా?

ప్రశ్న: మా నాన్నకు 68 ఏళ్లు. బీపీ ఉంది, బీడీలు కాలుస్తారు. కిడ్నీలో రాళ్లున్నాయని చిత్తూరులో స్కానింగ్ తీయిస్తే, కడుపులోని పెద్ద రక్తనాళం 6.1 సెంటీమీటర్లకు ఉబ్బిందని తేలింది. ఉబ్బు కిడ్నీ నాళాల దాకా ఉందట. మామూలు స్టెంట్ కుదరదు, కొలతలిచ్చి చేయించాలి అంటున్నారు. నాన్నేమో నొప్పి లేదు కదా, అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకున్నాకే ఆస్పత్రి అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు, ముందు ఆపరేషన్ చేయించండి. ఆ పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, కడుపు భాగంలో మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మగవారిలో 5.5 దాటితే సరిచేయాలంటాం. ఈ ఉబ్బు చాలామందిలో పగిలేదాకా నొప్పి పెట్టదు. పగిలితే ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ.

మీరు చెప్పిన స్టెంట్ గుండెకు వేసేలాంటిది కాదు. లోహపు జాలీకి గుడ్డ కుట్టిన గొట్టం. గజ్జల దగ్గరి నాళం గుండా పంపి, పాత బోరులో కేసింగ్ పైపు దించినట్టు ఉబ్బు లోపల అమరుస్తారు. రక్తం ఆ గొట్టంలోంచి పోతుంది కాబట్టి ఉబ్బిన గోడ మీద ఒత్తిడి తగ్గుతుంది. 1990లో అర్జెంటీనాలో డాక్టర్ హువాన్ పరోడి కడుపులోని ధమనికి ఈ పద్ధతి మొదలుపెట్టారు. అయితే గొట్టం పట్టుకుని నిలవడానికి కిడ్నీ నాళాల కింద కొంత మంచి గోడ ఉండాలి. మీ నాన్నగారికి అది లేదు. మామూలు గొట్టం ఇంకా పైకి వేస్తే కిడ్నీలకు రక్తం ఆగిపోతుంది. అందుకే ఆయన సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) కొలతలతో, కిడ్నీలకూ పేగులకూ వెళ్లే నాళాల ఎదురుగా రంధ్రాలుండే గొట్టం చేయిస్తారు. ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో చిన్న స్టెంట్ ఆ నాళంలోకి వెళ్తుంది.

పొట్ట కోయరు కాబట్టి త్వరగా కోలుకుంటారు. కానీ చిన్న ఆపరేషన్ అనుకోకండి. కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఉబ్బు ఛాతీ దాకా ఉంటే వెన్నుపాముకు రక్తం తగ్గి కాళ్లు చచ్చుబడే ప్రమాదమూ ఉంది. ఇలాంటివి ఎన్ని చేశారో సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి. తిరుపతి స్విమ్స్‌లోనో, వెల్లూరు సీఎంసీలోనో రిపోర్టులు చూపించి రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఖర్చు ఎక్కువే. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఏ మేరకు వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

గొట్టం తయారై రావడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా బీడీ పూర్తిగా మానాలి, బీపీ మాత్ర ఒక్కపూట కూడా తప్పకూడదు, బరువులెత్తకూడదు. ఆపరేషన్ తర్వాత బాగానే ఉన్నారని స్కాన్‌లు మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. గొట్టం పక్కనుంచి రక్తం మళ్లీ ఉబ్బులోకి చేరుతుంటే మనిషికి తెలియదు, స్కాన్‌లోనే తెలుస్తుంది. ఏడాదికోసారి, జీవితాంతం తీయించాల్సిందే. ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు కూడా. నాన్నగారి తోబుట్టువులకు ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్ చేయించండి. మీకెప్పుడు అవసరమో డాక్టర్‌ను అడగండి.

ఈలోగా కడుపులోనో నడుములోనో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. ఆయనకు రాళ్లున్నాయి కాబట్టి అది రాళ్ల నొప్పేనని ఎవరైనా పొరబడవచ్చు. క్యాజువాల్టీలో అడుగుపెట్టగానే రక్తనాళం ఉబ్బు సంగతి చెప్పి, స్కాన్ రిపోర్టు చేతికివ్వండి.