టీకా పాతది, వేరియంట్ కొత్తది... నాన్నగారికి రక్షణ ఉన్నట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. 2021లో కోవిషీల్డ్ రెండు డోసులు, 2022లో ముందుజాగ్రత్త డోసు వేయించాం. ఆ తర్వాత ఏమీ వేయించలేదు. వచ్చే నెల అన్నయ్య వాళ్లు అమెరికా నుంచి వస్తున్నారు. కరోనా కొత్త వేరియంట్ అని వార్తల్లో చూసినప్పుడల్లా గుబులుగా ఉంటోంది. అప్పటి టీకా ఇప్పటికీ పనిచేస్తుందా? మళ్లీ వేయించాలా? – ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: టీకా పనిచేస్తుందా అని ఒక్క మాటలో అడిగారు గానీ, అందులో రెండు ప్రశ్నలున్నాయమ్మా. వైరస్ అసలు సోకకుండా ఆపుతుందా అన్నది ఒకటి. సోకినా ఆస్పత్రి పాలు కాకుండా కాపాడుతుందా అన్నది రెండోది. వేరియంట్లు మారేకొద్దీ మొదటి రక్షణ బాగా దెబ్బతింది. రెండోది చాలావరకు నిలబడింది.

కోవిషీల్డ్ అంటే ఆస్ట్రాజెనెకా టీకాయే. బ్రిటన్‌లో లెక్కలు తీస్తే, లక్షణాలతో కూడిన జబ్బు రాకుండా ఆల్ఫా వేరియంట్‌పై ఒక్క డోసు 49 శాతం దాకా పనిచేసింది, డెల్టా వచ్చాక అది 30 శాతానికి పడింది. రెండు డోసులు వేసుకున్నవాళ్లలో 74 నుంచి 67కు తగ్గింది. అయినా డెల్టాతో ఆస్పత్రిలో చేరాల్సిన అవసరాన్ని ఆ రెండు డోసులే 90 శాతానికి పైగా తప్పించాయి. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా, బోట్స్‌వానాల్లో ఒమిక్రాన్ బయటపడేసరికి వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీన్‌లో 30కి పైగా మార్పులున్నాయి. పాత స్పైక్‌ను చూసి తయారైన యాంటీబాడీలకు దాని మీద పట్టు చిక్కలేదు. అందుకే మూడు డోసులు వేసుకున్నవాళ్లకూ జలుబు, జ్వరం వచ్చాయి. తర్వాత మనం విన్న జేఎన్.1, ఎన్‌బీ.1.8.1, ఎక్స్‌ఎఫ్‌జీ అన్నీ ఆ ఒమిక్రాన్ సంతతే.

మరి రెండో రక్షణ ఎలా నిలిచింది? టీకా యాంటీబాడీలతో పాటు, రోగనిరోధక శక్తిలో భాగమైన టి కణాలనూ తయారుచేస్తుంది. అవి స్పైక్‌లోని ఎన్నో చిన్నచిన్న ముక్కల్ని గుర్తుపెట్టుకుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఒమిక్రాన్‌లోనూ మారలేదు. ముక్కు దగ్గరే వైరస్‌ను ఆపడం వాటివల్ల కాదు, సోకిన కణాలను వెతికి చంపి జబ్బు ముదరకుండా చూస్తాయి.

ఒమిక్రాన్ అంత వేగంగా పాకడానికి టీకాను తప్పించుకోవడం ఒక్కటే కారణం కాదు. హాంకాంగ్ విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో అది శ్వాసనాళాల కణజాలంలో డెల్టా కంటే 70 రెట్లు ఎక్కువగా పెరిగింది, ఊపిరితిత్తుల్లో మాత్రం మందగించింది. పైగా కరోనా వచ్చిన మొదట్లో, సోకిన అయిదారు రోజులకు లక్షణాలు కనిపిస్తే, ఒమిక్రాన్‌తో మూడు రోజులకే కనిపించాయి. ఇంట్లో ఒకరికి తెలిసేలోపే ఇంకొకరికి అంటుకుంటోంది.

'తేలికపాటి ఒమిక్రాన్' అన్న మాట నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. 2022 జనవరిలో ఓ పెద్దావిడను అయిదో రోజున తీసుకొచ్చారు. ఆక్సిజన్ 96 ఉంది, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. షుగర్ మాత్రం 480. నోరు చేదుగా ఉండి అన్నం సయించడం లేదని షుగర్ మాత్రలు మానేశారు. దగ్గు తగ్గాలని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రల్లో షుగర్‌ను పెంచే స్టెరాయిడ్ ఉంది. నాలుక ఎండి అట్టకట్టుకుపోయింది. ఆవిడను పడేసింది వేరియంట్ కాదు, ఆ రెండు పొరపాట్లు. నాన్నగారి విషయంలో ఈ రెండూ జరగనివ్వకండి.

అన్నయ్య వాళ్లను రావద్దనకండి. మనవలను చూసుకునే సంతోషం ఆ వయసులో ఆయనకు అవసరం. కాకపోతే వచ్చినవాళ్లలో ఎవరికైనా గొంతునొప్పి, ముక్కు కారడం ఉంటే ఆ రెండు మూడు రోజులూ మాస్కు పెట్టుకోవాలి, ఆయనతో కలిసి ఏసీ గదిలో తలుపులు మూసుకుని పడుకోకూడదు. ఇంట్లోనే కోవిడ్ పరీక్ష చేసుకునే ర్యాపిడ్ కిట్లు వైరస్‌లో స్పైక్ కాని మరో ప్రొటీన్‌ను వెతుకుతాయి కాబట్టి కొత్త వేరియంట్లనూ పట్టుకుంటాయి. మొదటి రోజు నెగెటివ్ వస్తే నమ్మేయకుండా 48 గంటలాగి మళ్లీ చేయండి.

నాన్నగారికే జ్వరమొస్తే 'చూద్దాంలే' అని నాలుగు రోజులు ఆగొద్దు. ఆ వయసువారికి ఇచ్చే నిర్మాట్రెల్విర్ లాంటి యాంటీవైరల్ మందు లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపే వేయాలి. అది స్పైక్ మీద పనిచేసేది కాదు కనుక వేరియంట్ మారినా దాని పదును తగ్గలేదు. అయితే కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మందులతో దానికి పొసగదు. ఆయన వేసుకునే మాత్రల చీటీలన్నీ డాక్టర్‌కు చూపించండి, కిడ్నీ పరీక్ష రిపోర్టు ఉంటే అదీ పట్టుకెళ్లండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌తో ఆక్సిజన్ చూసేముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతులు చల్లగా ఉంటే రుద్ది అప్పుడు చూడండి. 94 కంటే తగ్గితే వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.

ఇక టీకా. తొలినాటి వైరస్‌ను చూసి చేసిన డోసే మళ్లీ వేయిస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. కొత్త వేరియంట్లకు తగ్గట్టు మార్చిన టీకా మన దగ్గర అమెరికాలో దొరికినంత సులువుగా దొరకదు. దొరికితే ఈ వయసులో, షుగర్‌తో ఉన్న మనిషికి వేయించమనే అంటాను, కొన్ని నెలలపాటు అదనపు రక్షణ ఉంటుంది. దానికోసం ఎదురుచూస్తూ ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా మాత్రం వాయిదా వేయకండి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను అన్నయ్య వాళ్లు దిగేలోపే చేయించండి.