ఐదక్షరాల మాటలో క్యూ ఎక్కడుంటుంది?

ప్రశ్న: నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. మా పాప ఏడో క్లాసు చదువుతోంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, దానికి తోడు ఇంగ్లీషు. మొన్న బళ్లో పోటీ పెట్టారు. క్యూ అక్షరం ఉన్న ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు రెండు నిమిషాల్లో పది రాయాలట. మా పాప నాలుగే రాసింది. క్వీన్, క్విక్ ఒప్పుకున్నారు. క్విజ్ నాలుగక్షరాలే అని కొట్టేశారు. ఆఖరిది బురఖా, బట్టల కొట్టు బోర్డు మీద చూసి గుర్తుపెట్టుకుందట, బి-యు-ఆర్-క్యూ-ఎ అని రాసింది. క్యూ తర్వాత యు లేని మాట ఇంగ్లీషులో ఉండనే ఉండదని మేడమ్ అందరి ముందూ తప్పు పెట్టారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఇప్పుడు ఫోన్‌లో ఎక్కడో పెద్ద లిస్టు దొరికితే రాత్రి పదకొండు దాకా కూర్చుని బట్టీ పడుతోంది. అది పనికొస్తుందా? బురఖా నిజంగా తప్పేనా?

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట పాపకి చెప్పండి, మిగతాది తర్వాత చూద్దాం. బురఖాని ఇంగ్లీషులో కె తోనూ రాస్తారు, క్యూ తోనూ రాస్తారు, రెండూ డిక్షనరీల్లో ఉన్నాయి. ఉర్దూలో క లాంటి అక్షరాలు రెండు. ఒకటి మన క, రెండోది గొంతు లోపల్నుంచి పలికేది. ఆ రెండోదాన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు క్యూ పెట్టడం అలవాటు, దానికి యు అక్కర్లేదు. ఫకీర్, నికాబ్, తలాక్ కూడా అలా వచ్చినవే, క్యూతో రాస్తే ఒక్కోటీ సరిగ్గా ఐదక్షరాలు. మేడమ్ చెప్పిన సూత్రం చాలా మాటలకి నిజమే, అన్నిటికీ కాదు. ఆ సూత్రం కూడా ఇంగ్లీషుకి పుట్టుకతో వచ్చింది కాదు. పాత ఇంగ్లీషులో క్వీన్‌ని సి, డబ్ల్యుతో మొదలుపెట్టేవారు. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలుచుకున్నాక, ఫ్రెంచి రాతకి అలవాటుపడిన లేఖకులు ఆ చోట క్యూ, యు తెచ్చి పెట్టారు.

ఇక ఆ లిస్టు. వెంటనే మాన్పించండి, రాత్రి నిద్ర పాడుచేసుకుని బట్టీ పట్టింది పోటీలో టెన్షన్ రాగానే ఎగిరిపోతుంది. పాప ఎక్కడ తడబడిందో చూడండి. క్విక్, క్విజ్ చెవికి ఒకే పొడుగు, కానీ ఒకటి ఐదక్షరాలు, రెండోది నాలుగు. మన తెలుగైనా, బళ్లో నేర్చే ఒడియా అయినా దాదాపు విన్నట్టే రాస్తాం. మీ ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల మాటలు చెవితో విని, పలికినట్టే రాసుకుని, 1931లో ఆ భాషకి వ్యాకరణం తెచ్చారు. ఇంగ్లీషు దగ్గర ఆ చెవి ఒక్కటే చాలదు, కన్ను కావాలి. రేషన్ కోటా అని మనం రోజూ అంటాం కదా, ఆ కోటాలో క్యూ ఉందని చెవి ఎప్పటికీ చెప్పదు. రేషన్ కోసం నిలబడే క్యూ కూడా ఐదక్షరాలే! క్యూ-యు-ఇ-యు-ఇ. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, అక్కడ దానికి తోక అని అర్థం. పలకడానికి మొదటి అక్షరం ఒక్కటే చాలు, మిగతా నాలుగూ తీసేసినా పలుకు మారదు.

అందుకే పాపని గళ్ల నోటు పుస్తకంలో ఐదు గళ్లు గీయమనండి. మొదటి గడిలో క్యూ పెడితే రెండోది ఎక్కువగా యు. మూడోది దాదాపు ఎప్పుడూ అచ్చే. ఎ పెడితే క్వాక్, క్వేక్. ఇ పెడితే క్వీన్, క్వెస్ట్, క్వెరీ. ఐ పెడితే క్విక్, క్విల్ట్, క్వయట్, క్వైట్ (ఈ చివరి రెండూ పెద్దవాళ్లు కూడా తారుమారు చేస్తారు, ఒకటి ఐ-ఇ-టి, ఒకటి ఐ-టి-ఇ, పక్కపక్కన రాయించండి). ఓ పెడితే కోటా, కోట్. ఇప్పుడు క్యూని రెండో గడికి జరపండి. ముందు ఇ వస్తే ఈక్వల్, ఎక్విప్. ఎస్ వస్తే స్క్వాడ్, స్క్విడ్, స్క్వాట్. మూడో గడిలో క్యూ అరుదు, పి-ఐ-క్యూ-యు-ఇ అని ఒకటుంది, పీక్ అని పలుకుతారు, అంటే అలక. ఎన్నయ్యాయో పాపనే లెక్కపెట్టమనండి, పది దాటిపోయి ఉంటాయి, అదీ లిస్టు ముట్టుకోకుండా. రోజుకి పది నిమిషాలు చాలు. క్యూ అయ్యాక జెడ్, ఆ తర్వాత జె. అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటలో వంద బిళ్లలుంటే క్యూ ఒక్కటే, విలువ పది పాయింట్లు. అదే ఇ అయితే పన్నెండు బిళ్లలు, ఒక్కో పాయింటు. ఈ అక్షరం దగ్గర తడబడేది మీ పాప ఒక్కతే కాదు.

ఇంకొక్కటి. మేడమ్‌తో గొడవకి వెళ్లకండి. డిక్షనరీలో బురఖా ఉన్న పేజీలో కాగితం ముక్క పెట్టి, క్లాసు అయిపోయాక పాపనే వెళ్లి చూపించమనండి. మీరు గుమ్మం దగ్గర నిలబడితే చాలు.

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను, డిగ్రీ మొదటి సంవత్సరం. ఫోన్‌లో వర్డల్ ఆడతాను. దాచిన ఐదక్షరాల ఇంగ్లీషు మాటని ఆరు ఛాన్సుల్లో కనుక్కోవాలి. మొదట ఏ మాట వెయ్యాలి?

జవాబు: బాబూ, ఎరైజ్ వెయ్యి, ఆ తర్వాత కౌంట్. రెండిట్లో కలిపి పది వేర్వేరు అక్షరాలు, ఐదు అచ్చులూ అందులోనే వచ్చేస్తాయి. కౌంట్‌లో యుకి రంగు రాకపోతే (అంటే దాచిన మాటలో యు లేనట్టే) క్యూ గురించి ఆలోచించనక్కర్లేదు, ఫకీర్, నికాబ్, తలాక్ లాంటివి తప్ప.