పీఎం 2.5 శాంప్లర్ (గాలిలోని సన్నని ధూళిని ఫిల్టర్ మీద పట్టే పరికరం) నిజంగా 2.5 మైక్రాన్ల దగ్గరే వేరు చేస్తోందా? ఎలా తేల్చాలి?

2.5 అంటే జల్లెడ కన్ను సైజు కాదు. ఆ సైజు రేణువుల్లో సగం ఇంపాక్టర్ (గాలిని ఒక్కసారిగా మలిపి, పెద్ద రేణువులను ప్లేటుకు కొట్టించే భాగం) ప్లేటుకు అంటుకుని, సగం ఫిల్టర్‌కు చేరతాయని అర్థం.

ఒకే సైజు పాలీస్టైరిన్ లేటెక్స్ గోళీలు కలిపిన నీళ్లను నెబ్యులైజర్‌తో చిమ్మాలి. తుంపరను ఆరబెట్టి, ఛార్జి పోగొట్టి, నిమిషానికి 16.7 లీటర్ల గాలితో పంపి, ఇంపాక్టర్‌కు ముందూ వెనకా లెక్కపెట్టాలి. 1.5 నుంచి 4 మైక్రాన్ల దాకా ఇలాగే చేసి గ్రాఫ్ గీస్తే, 50 శాతం గోళీలు దాటి వెనక్కి చేరే సైజే కటాఫ్. లేటెక్స్ సాంద్రత 1.05 కాబట్టి 2.5 మైక్రాన్ల గోళీ ఏరోడైనమిక్ వ్యాసం (గాలిలో అదే తీరుగా కదిలే, సాంద్రత 1 ఉన్న గోళీ వ్యాసం) దాదాపు 2.56. ఈ సవరణ మరిచిపోవడం మామూలే.

గాలి వేగం 10 శాతం తగ్గితే కటాఫ్ సుమారు 2.6కి జరుగుతుంది. అంతకంటే పెద్ద తంటా పొడి ప్లేటుది: గట్టి గోళీలు దాని మీద పడి ఎగిరి ఫిల్టర్‌లోకి దూరతాయి. 4 మైక్రాన్ల దగ్గర కూడా వెనక లెక్క సున్నాకు దిగకపోతే మొదట ప్లేటు మీద గోళీలను పట్టి ఉంచే నూనె ఉందో లేదో చూడండి.