ఆర్గానిక్ ల్యాబులోకి అడుగుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకున్నావని, ల్యాబు అంటే బెరుకుగా ఉన్నావని మీ అమ్మ చెప్పింది. ఏళ్ళ తరబడి ల్యాబులో పాఠం చెప్పినవాడిగా ఒక మాట గట్టిగా చెబుతున్నాను. చర్య జరపడం సులువే. వచ్చిన పదార్థాన్ని శుద్ధి చేసి, అది ఫలానాదేనని రుజువు చేయడమే అసలు విద్య.

ఆస్పిరిన్ తయారీనే తీసుకో. సాలిసిలిక్ ఆమ్లంలో అసిటిక్ అన్‌హైడ్రైడ్, కొన్ని చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి కాసేపు వేడిచేస్తే చాలు. చల్లటి నీళ్ళు పోయగానే తెల్లగా దిగే పొడిని చూసి చాలామంది సంబరంగా తూకం వేసేస్తారు. నువ్వు ఆగు. చిటికెడు పొడిని ఆల్కహాల్‌లో కరిగించి ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వెయ్యి. ఊదారంగు వచ్చిందంటే సాలిసిలిక్ ఆమ్లం ఇంకా మిగిలి ఉన్నట్టే. బెంజీన్ వలయం మీది హైడ్రాక్సిల్ సమూహం ఇనుముతో కలిసి ఇచ్చే రంగు అది. ఆస్పిరిన్‌లో ఆ హైడ్రాక్సిల్ ఎస్టర్‌గా మారిపోతుంది కనుక రంగు రాదు. తరగతిలో బోర్డు మీద చూసిన ఎసిటైలేషన్, అంటే హైడ్రాక్సిల్‌కు ఎసిటైల్ సమూహాన్ని తగిలించే చర్య, అంతా ఆ ఒక్క చుక్కలో కళ్ళకు కడుతుంది. శుద్ధి చేసేటప్పుడు నీళ్ళలో ఎక్కువసేపు మరిగించావో, ఎస్టర్ విడిపోయి మళ్ళీ మొదటికే వస్తావు.

రీక్రిస్టలైజేషన్‌కు, అంటే పదార్థాన్ని వేడి ద్రావణిలో కరిగించి, చల్లార్చి మళ్ళీ శుభ్రమైన స్ఫటికాలుగా రాబట్టడానికి, ఓపిక కావాలి. వేడి ద్రావణిని, పదార్థం కరగడానికి ఎంత కావాలో అంతే పొయ్యి. ఎక్కువైతే చల్లారాక సరుకంతా అందులోనే ఉండిపోతుంది. ఫ్లాస్కును వెంటనే ఐసులో పెట్టకు, హడావిడిగా దిగే స్ఫటికాలు మలినాలను కూడా పట్టుకొస్తాయి. ఎంతకీ దిగకపోతే గాజు కడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను గీకు.

ద్రవీభవన స్థానం చూసేటప్పుడు చివరి డిగ్రీలలో మంట బాగా తగ్గించు. రికార్డులో కంటికి కనిపించినదే రాయి. నీ ఆస్పిరిన్‌కు 128 నుంచి 132 డిగ్రీలు అని వస్తే అదే రాయి, పుస్తకంలో ఉంది కదా అని 135 రాయకు. ఆ తేడాయే నీ స్ఫటికాలలో మలినం ఉందని చెబుతుంది. వీలైతే యూరియా, సినమిక్ ఆమ్లం తెచ్చుకో. విడివిడిగా రెండూ 133 దగ్గరే కరుగుతాయి, కలిపి నూరితే ఎంతో ముందే కరిగిపోతాయి. ఒకసారి చూశావంటే మిశ్రమ ద్రవీభవన స్థానం గురించి వైవాలో ఎవరు అడిగినా తడబడవు.

ద్రవం నిలకడగా మరగడానికి వేసే పింగాణీ ముక్కలను అప్పటికే మరుగుతున్న ద్రవంలో వేయకు, ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది. వేడిచేయకముందే వెయ్యి. ఈథర్ సీసా మూత తీసేముందు గదిలో ఎక్కడా బర్నర్ వెలగడం లేదని నువ్వే స్వయంగా చూసుకో. పక్కవాళ్ళు ఆర్పే ఉంటారులే అనుకోకు.

మామయ్య