ప్లేట్‌లెట్లు 18 వేలే, జ్వరం లేదు: హన్మకొండలోనే చేర్పించాలా, హైదరాబాద్ తీసుకెళ్లాలా?

మీ అమ్మగారికి ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టేలా చేసే కణాలు) 18 వేలే ఉన్నాయని, వెంటనే చేరి ఎక్కించుకోవాలని అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో అన్నారని రాశారు. మూడేళ్ల కింద మా చెల్లిది అచ్చం ఇదే కథ.

పళ్లు తోముకుంటే రక్తం, పిక్కల మీద ఆవగింజలంత ఎర్ర చుక్కలు. లక్షన్నర ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 11 వేలున్నాయి. వానాకాలం కదా, డెంగీయే అనుకున్నాం. పరకాల నుంచి మేనత్త సంచి నిండా బొప్పాయి ఆకులు పట్టుకొచ్చింది. హన్మకొండలో చేర్పించిన ఆసుపత్రి వాళ్లు మూడు రోజుల్లో రెండుసార్లు ప్లేట్‌లెట్లు ఎక్కించారు. సాయంత్రానికి 30 వేలు, తెల్లారేసరికి మళ్లీ 12 వేలు. బ్యాగు 11 వేల రూపాయలు, పైగా దాతల కోసం మా తమ్ముడి దోస్తులందరికీ ఫోన్లు. డెంగీ నెగెటివ్ అన్న రిపోర్టు మొదటి రోజు నుంచే ఫైల్లో ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాలుగో రోజు కారు మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్లాం. హెమటాలజిస్టు, అంటే రక్తవ్యాధుల డాక్టర్, ఫైలంతా తిరగేసి మళ్లీ రక్తం తీయించారు, ఊదా మూత సీసాలో కొంత, నీలం మూత సీసాలో కొంత. ఊదా సీసాలోని మందు వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుపోతాయట, మిషన్ తక్కువ లెక్క చూపిస్తుందట. స్లైడు కూడా మైక్రోస్కోపులో చూశారు. మా చెల్లికి నిజంగానే తక్కువ. హెచ్‌ఐవీ, హెపటైటిస్, థైరాయిడ్ పరీక్షలయ్యాక ఐటీపీ అని తేల్చారు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను చంపేయడం. ఎక్కించినవీ అలాగే పోతాయి కాబట్టి ప్రాణం మీదికొచ్చే రక్తస్రావం ఉంటే తప్ప ఎక్కించం అన్నారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు రోజులు. మందుల ఖర్చు రెండు వందలు దాటలేదు! వారం తిరిగేసరికి ప్లేట్‌లెట్లు 64 వేలకు చేరాయి.

రెండు నెలలకు మళ్లీ పడిపోతే ప్లేట్‌లెట్లు పెంచే ఎల్ట్రాంబోపాగ్ మాత్ర మొదలుపెట్టారు. దానితో తంటా ఏంటంటే, పాలు, పెరుగు తిన్న నాలుగు గంటల తర్వాత వేసుకోవాలి, వేసుకున్నాక రెండు గంటలు వాటి జోలికి పోకూడదు. మా చెల్లికేమో పెరుగు లేనిదే ముద్ద దిగదు. తెల్లవారుజామున 5 గంటలకు అలారం పెట్టుకుని వేసుకుని, ఏడు దాటాక చాయ్ తాగేది.

అమ్మగారికి నోట్లో రక్తపు బొబ్బలు, నల్లటి విరేచనం, తీవ్రమైన తలనొప్పి ఉంటే హైదరాబాద్ ఆలోచనే వద్దు, దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. అవేవీ లేకపోయినా 18 వేలు నాన్చే సంగతి కాదు, ఒకటి రెండు రోజుల్లో హెమటాలజిస్టుకు చూపించండి. ఈలోపు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, కండకు ఇంజెక్షన్లు వద్దు. గుండెకు ఆస్పిరిన్ వాడుతుంటే డాక్టర్‌ను అడిగాకే ఆపండి. ల్యాబు బోర్డు మీద హెమటాలజీ అని ఉన్నంత మాత్రాన చాలదు, డీఎం హెమటాలజీ (రక్తవ్యాధుల సూపర్ స్పెషాలిటీ) చేసిన డాక్టర్ కావాలి. ఎక్కడ చేరినా, చేరకముందే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ వ్యవహారాలు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలే కానీ జాబితాలో ఉన్న చికిత్సలకే.

పాత రక్తపరీక్షల కాగితాలు కూడా వెతకండి. ఏడాది ముందు చేయించిన పరీక్షలో చెల్లికి 92 వేలే ఉన్నాయి, మేమే పట్టించుకోలేదు. ఆ కాగితం బీరువాలో చీరల కింద దొరికింది.