ఒక మాత్ర చాలేది, ఇప్పుడు రెండూ చాలట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, టెన్షన్‌కీ నిద్రకీ అల్‌ప్రాజొలామ్ 0.25 రెండు వారాలకు రాశారు. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో ఇస్తున్నారు కదా అని ఏడాదిగా వేసుకుంటున్నాను. ఇప్పుడు రెండు మింగినా నిద్ర రావట్లేదు, ఒక రాత్రి మానేస్తే చేతులు వణికాయి, గుండె దడ. అలవాటు పడిపోయానా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అవునమ్మా, ఒళ్లు అలవాటు పడింది, అందులో మీ మనసు బలహీనత ఏమీ లేదు. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని ఈ మందు పెంచుతుంది, రోజూ వేసుకుంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, అందుకే పాత మోతాదు చాలదు, మానితే ముందుకన్నా ఎక్కువ కంగారు పుడుతుంది. జబ్బు తిరగబెట్టిందనుకుని చాలామంది ఇంకో మాత్ర వేసేసుకుంటారు, చిక్కంతా అక్కడే.

ఒక్కసారిగా మాత్రం ఆపకండి, ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు. సైకియాట్రిస్టు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు, కొందరికి ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయాజిపామ్‌కి మార్చి తగ్గిస్తారు. అసలు టెన్షన్‌కి కౌన్సెలింగ్, ఇలా అలవాటు చేయని వేరే మందులు ఉన్నాయి. ఈలోగా మద్యం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు దీనితో కలిపితే ఊపిరి మందగిస్తుంది, జాగ్రత్త.

ఇక ఆ షాపు సంగతి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన, గట్టి నిఘా ఉన్న మందుల జాబితాలోది, అమ్మితే డాక్టరు పేరు, పేషెంటు పేరు రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు దాచాలి. అడిగినప్పుడల్లా ఇచ్చేసి మీకేదో సాయం చేస్తున్నామనుకుంటున్నారు కాబోలు! ముందు మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పు, పాత చీటీ తీసుకెళ్లండి, రోజుకి ఎన్ని వేసుకుంటున్నారో తగ్గించి చెప్పొద్దు.