షఫుల్‌బాటమ్ ఇంటిపేరు ఎక్కడిది, ఎలా వెతకాలి?

షఫుల్‌బాటమ్ అనే ఇంగ్లీషు ఇంటిపేరు ఎలా పుట్టింది, దాని మూలం ఎలా పట్టుకోవాలి అని అడిగారు. ఇప్పటి ఇంగ్లీషు అర్థంతో దాన్ని విడదీస్తే దారి తప్పుతారు. పాత ఇంగ్లీషులో ‘బాటమ్’ అంటే లోయ అడుగున ఉన్న పల్లం. లాంకషైర్‌లో బరీ పట్టణం దగ్గరి షిప్పర్‌బాటమ్ అనే చోటు నుంచి ఈ పేరు వచ్చింది. గొర్రెల ఊట ఉన్న పల్లమని దానర్థం. ఊరిపేరే ఇంటిపేరు కావడం మనకూ అలవాటే కదా.

చదువురాని మనిషి తన పేరు చెప్పేవాడు, పాదిరి తనకు వినబడినట్టు రాసుకునేవాడు. షఫుల్‌బోథమ్, షూబాటమ్ లాంటి రూపాలు అలా వచ్చినవే. ఒక్క రూపమే వెతికితే సగం కుటుంబం జారిపోతుంది. హల్లుల్ని అంకెలుగా మార్చే సౌండెక్స్ వెతుకులాటా ఇక్కడ ఆదుకోదు: షఫుల్‌బాటమ్‌కి ఎస్141, షిప్పర్‌బాటమ్‌కి ఎస్161, షూబాటమ్‌కి ఎస్135 వస్తాయి. వెతికే పెట్టెలో ఎస్‌హెచ్, నక్షత్రం గుర్తు (అక్కడ ఏ అక్షరాలున్నా సరే అని), బిఓటి, మళ్లీ నక్షత్రం, చివర ఎం కొట్టండి. అన్నీ ఒకేసారి పడతాయి.

1881 జనాభా లెక్కలతో మొదలుపెట్టి, పేరు ఏ జిల్లాలో గుంపుగా ఉందో చూసుకుని వెనక్కి వెళ్లండి. లాంకషైర్ దాటాక చెషైర్, స్టాఫర్డ్‌షైర్ తప్పక చూడాలి. 1851 లెక్కల్లో పుట్టిన ఊరు ఉంటుంది. 1841లో అదే జిల్లాలో పుట్టారా లేదా అన్నదే ఉంటుంది, పైగా పదిహేను దాటినవాళ్ల వయసును చాలాచోట్ల కిందున్న ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. ప్రభుత్వ జనన మరణాల నమోదు మొదలైన 1837 జులై 1కి ముందైతే చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిని పెట్టమని ఆజ్ఞ వచ్చింది 1538లో. పుట చిరిగిపోయి ఉంటే బిషప్‌కి ఏటా పంపిన నకలు అడగండి.

చాలామంది బోల్తా పడేది తేదీల దగ్గర. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పెళ్లి 1710 మే, బిడ్డ బాప్తిస్మం 1710 ఫిబ్రవరి అని కనబడితే బిడ్డ ముందే పుట్టిందనుకోకండి. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1711, పెళ్లయిన తొమ్మిది నెలలకి. వంశవృక్షంలో రెండూ రాసి పెట్టుకోండి: 1710/11.

‘మీ ఇంటిపేరు వంశచిహ్నం’ (కోట్ ఆఫ్ ఆర్మ్స్) అని అమ్మే ఫలకాలు మాత్రం కొనకండి. ఇంగ్లండులో ఆ చిహ్నం ఇచ్చేది వ్యక్తికి, అతని వారసులకి; ఇంటిపేరుకి కాదు. ఆ డబ్బుతో ఒక జనన ధ్రువపత్రం తెప్పించుకోండి. తల్లి పుట్టింటి పేరు అందులో దొరుకుతుంది.